మంచం నుంచి బాత్రూం దాకా

మా అమ్మ పడింది బాత్రూం గడప దగ్గర. తెల్లవారుజామున మూడున్నరకు లేచింది. లైటు వేయలేదు. గోడ తడుముకుంటూ నాలుగడుగులు నడిచి బీరువా పిడి పట్టుకుంది, పిడి వదిలి తలుపు రెక్క పట్టుకుంది, రెక్క వదిలి లోపలున్న టవల్ రాడ్డు అందుకుంది. రాడ్డు స్క్రూలతో సహా ఊడి చేతికొచ్చింది. కుడి మణికట్టు విరిగింది. డెబ్భై నాలుగేళ్ల మనిషికి తుంటి ఎముక విరగకుండా మణికట్టుతో పోవడం అదృష్టమేనని ఎముకల డాక్టరు అన్నారు.

కట్టు కట్టించుకుని ఆమె ఇంటికొచ్చిన మూడో రోజున నేను హైదరాబాద్ నుంచి రెండు సంచుల సామానుతో తెనాలిలో దిగాను. జారని మ్యాట్లు నాలుగు, ఒక చేతికర్ర, గోడకు రబ్బరు కప్పులతో అతుక్కునే హ్యాండిల్, రెండు జీరో బల్బులు. అమ్మ అన్నీ చూసింది, ఏమీ అనలేదు. మర్నాటికి మ్యాట్లు చుట్ట చుట్టుకుని మంచం కిందికి చేరాయి. చేతికర్ర తలుపు వెనక నిలబడింది.

ఆ రాత్రి అమ్మానాన్నల గదిలోనే నేల మీద చాప వేసుకుని పడుకున్నాను. రెండింటికి ఒకసారి, నాలుగున్నరకు ఒకసారి అమ్మ లేచింది. లైటెందుకు వేయవని అడిగితే, "లైటేస్తే మీ నాన్నకి నిద్ర చెడుతుందే, మళ్లీ పట్టదు ఆయనకి" అంది. చెప్పులు వేసుకోదు, అవి మంచం కింద ఎక్కడో ఉంటాయి కాబట్టి వంగి వెతకాలి. లేవగానే గబగబా నడుస్తుంది, రాత్రి వేసుకునే మాత్రల్లో ఒకటి నీటి మాత్ర, అది ఆగనివ్వదు. బీరువాకూ తలుపుకూ మధ్య గోడ మీద, నేల నుంచి మూడడుగుల ఎత్తున, సున్నం జిడ్డుగా నల్లబడి ఉంది. ఏళ్ల తరబడి ఆమె చెయ్యి ఆనిన చోటు అది. పగటిపూట ఆ మరకని నేను ఎన్నిసార్లు చూశానో. సంక్రాంతికి వెల్ల వేయిస్తే పోతుందని అనుకున్నాను కూడా.

ఇంట్లో ఏం మార్చాలో, ఎక్కడ మార్చాలో మన పెద్దవాళ్ల చెయ్యి, కాలు ఇప్పటికే ఇంటి మీద రాసి పెట్టాయి. అందుకే దుకాణానికి వెళ్లే ముందు ఒక పగలు, ఒక రాత్రి వాళ్లతో గడపండి. ఎక్కడ ఆగుతున్నారు, ఎక్కడ గోడకు ఒరుగుతున్నారు, కుర్చీలోంచి లేచేటప్పుడు ఎన్నిసార్లు ఊగి లేస్తున్నారు, ఏ వస్తువు కోసం ఎక్కువ వంగుతున్నారు, ఏ గదిలోకి వెళ్లడం మానేశారు. గోడ మరకలు చూడండి. కుర్చీ ఎప్పుడూ ఉండే చోటు నుంచి కాస్త జరిగి ఉంటే, ఎందుకు జరిగిందో అడగండి. చాలాసార్లు అది నడకలో పట్టుకోడానికి వాళ్లే పెట్టుకున్న ఆసరా. ఇల్లు సర్దుతున్నామనుకుని మనం దాన్ని వెనక్కి జరిపేస్తాం.

పడిపోవడం చిన్న విషయమని ఇంకా చాలా ఇళ్లలో అనుకుంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. ప్రమాదవశాత్తూ జరిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. ఈ మరణాల్లో 80 శాతానికి పైగా మనలాంటి మధ్యాదాయ, అల్పాదాయ దేశాల్లోనివి. ఎక్కువగా పోయేది అరవై దాటినవాళ్లు. ఒకసారి పడిన మనిషి మళ్లీ పడే అవకాశం రెట్టింపవుతుంది. ఇంట్లోని ప్రమాదాలను వెతికి సరిచేయడం గురించి జరిగిన పరిశోధనలన్నిటినీ 2023లో కొక్రేన్ సంస్థ సమీక్షించింది. అలా సరిచేసిన ఇళ్లలో పడిపోవడాలు మొత్తం మీద 26 శాతం తగ్గాయి. ఈమధ్య పడినవాళ్లు, రోజువారీ పనులకు ఆసరా కావలసినవాళ్లు ఉన్న ఇళ్లు మాత్రమే తీసుకుంటే ఆ తగ్గుదల 38 శాతం. అంటే ఈ పని ముందు చేయవలసింది ఇప్పటికే ఒకసారి తూలినవాళ్ల ఇంట్లో.

కానీ తూలినట్టు మనకు తెలియాలి కదా. మణికట్టు విరగడానికి రెండు నెలల ముందే అమ్మ వంటింట్లో ఒకసారి కూలబడిందట. నాన్నకి కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే చాలాసేపు తల దువ్వుకుంటూ కూర్చుని, "చెబితే నన్ను హైదరాబాద్ తీసుకుపోతారుగా" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, నిజంగానే తీసుకుపోయేవాళ్లం. పెద్దవాళ్లు దాచేది నొప్పిని కాదు. గుడికి ఒక్కరే వెళ్లే స్వేచ్ఛని, స్నానాల గది గడియ తామే వేసుకునే హక్కుని, తమ ఊరిని దాచుకుంటారు. "పడ్డావా?" అన్న ప్రశ్నకు "లేదు" అనే సమాధానం సిద్ధంగా ఉంటుంది. దాని బదులు "ఈ మధ్య ఎక్కడైనా కాలు తడబడిందా? స్నానానికి వెళ్లేటప్పుడు చెయ్యి ఎక్కడ ఆనిస్తున్నావు?" అని అడగండి. అడిగే ముందు ఒక మాట ఇవ్వండి: నువ్వు ఏం చెప్పినా దాన్ని సాకుగా పెట్టుకుని నీ పని ఏదీ మాన్పించను, ఆ పని భయం లేకుండా ఎలా చేసుకోవాలో చూస్తాను. ఇచ్చిన మాట మీద నిలబడండి. ఒక్కసారి తప్పితే మళ్లీ ఏదీ మీదాకా రాదు.

ఇప్పుడు ఆ నాలుగడుగుల దారికి వద్దాం. ఇల్లంతా ఒకేసారి మార్చే శక్తి, డబ్బు లేకపోతే మంచం నుంచి బాత్రూం దాకా ఉన్న దారి ఒక్కటీ బాగుచేయండి. మిగతావి నెమ్మదిగా చేసుకోవచ్చు.

దారి మంచం మీదే మొదలవుతుంది. పడుకున్నవాళ్లు ఒక్కసారిగా లేచి నిలబడితే రక్తం కాళ్లలోకి దిగుతుంది. కుర్రతనంలో గుండె, నరాలు దాన్ని క్షణాల్లో సర్దుకుంటాయి. వయసు మీదపడ్డాక, అందులోనూ బీపీ మాత్రలు, ప్రొస్టేట్ మాత్రలు, నిద్రమాత్రలు వాడేవాళ్లలో ఆ సర్దుబాటు ఆలస్యమవుతుంది. కళ్లు బైర్లు కమ్ముతాయి. ఇంట్లో బీపీ మిషను ఉంటే అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒక నిమిషానికీ మూడు నిమిషాలకీ మరో రెండుసార్లు చూడండి. పై అంకె 20గానీ కింది అంకె 10గానీ అంతకుమించిగానీ పడిపోతే కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. ఏ మాత్రా మీ అంతట మీరు ఆపొద్దు. మేము చూపిస్తే డాక్టరుగారు నీటి మాత్రను పొద్దుటికి మార్చారు. రాత్రి రెండుసార్లు లేచే మనిషి ఒక్కసారి లేవడం మొదలుపెట్టింది. ఏ రాడ్డూ, ఏ మ్యాటూ అంత మేలు చేయలేదు. ఇక లేవడం: పక్కకు తిరిగి, చేతి మీద లేచి, కాళ్లు కిందికి వేలాడేసి, పాదాలు పదిసార్లు ఆడించి, ఓ నిమిషం ఆగి అప్పుడు నిలబడాలి. అమ్మకి లెక్కపెట్టడం చిరాకు, అందుకని ఆ నిమిషం దేవుడికి ఇచ్చింది. కూర్చుని ఓ శ్లోకం చదువుకుని లేస్తుంది.

మంచం ఎత్తు చూడండి. అంచున కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి, మోకాళ్లు తుంటికన్నా పైకి రాకూడదు. పాత నవారు మంచాలు నడుమ దిగి ఉయ్యాలలా అయిపోతాయి, అందులోంచి లేవడం గుంతలోంచి ఎక్కడమే. నవారు బిగించండి, కోళ్ల కింద వడ్రంగితో గుంట తీసిన చెక్క దిమ్మలు చేయించి పెట్టండి. ఉత్తి ఇటుకలు పెట్టొద్దు, జరుగుతాయి. కుర్చీల సంగతీ ఇంతే. చేతులున్న బరువైన చెక్క కుర్చీ ఒకటి వాళ్లు రోజూ కూర్చునే చోట ఉండాలి. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ నున్నటి గ్రానైట్ మీద లేవబోయేటప్పుడు వెనక్కి జారుతుంది.

తర్వాత వెలుతురు. అరవై ఏళ్ల కంటిలోపలికి చేరే వెలుతురు ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే మూడో వంతే ఉంటుంది. మనకి చాలినంతగా కనిపించే జీరో బల్బు వాళ్లకి చీకటే. అలాగని నిద్రలోంచి లేచిన కంటికి ట్యూబులైటు వెలిగిస్తే రెండు క్షణాలు ఏమీ కనపడదు. మేము మంచం కింద ఒకటి, బాత్రూం గడప పక్కన నేలకు జానెడు ఎత్తులో ఒకటి సెన్సర్ లైట్లు పెట్టాం. కాలు కింద పెట్టగానే వెలుగుతాయి, వెలుగు నేల మీదే పడుతుంది. నాన్న నిద్ర చెడలేదు, అమ్మకి స్విచ్చు వెతికే పనీ లేదు. ఇవి లేకపోయినా మంచం మీద పడుకుని చెయ్యి చాపితే అందేలా ఒక స్విచ్చు, తలగడ పక్కన ఒక టార్చి, వెనక పట్టీ ఉన్న చెప్పులు మంచం పక్కనే ఒకే చోట ఉంటే సగం పని అయినట్టే. ఆ దారిలో ఫోను ఛార్జరు వైరు, మడతపడే గుడ్డ పట్ట, మనవడి బొమ్మ ఏవీ ఉండకూడదు. పాత చీరతో కుట్టిన పట్టలు ఎంత ప్రేమగా కుట్టినవైనా అడుగున రబ్బరు లేకపోతే తీసేయాల్సిందే.

బాత్రూం తలుపు గురించి ఎవరూ ఆలోచించరు. మన ఇళ్లలో చాలావాటికి అది లోపలికి తెరుచుకుంటుంది. లోపల మనిషి పడితే ఒళ్లు తలుపుకి అడ్డంగా ఉంటుంది, బయటి నుంచి నెట్టడానికి వీలుండదు, నెడితే విరిగిన కాలు మీదే నెట్టాలి. వడ్రంగిని పిలిచి బయటికి తెరుచుకునేలా మార్పించండి, అరపూట పని. గడియ తీసేసి, బయటి నుంచి నాణెంతో తిప్పినా తెరుచుకునే తాళం పెట్టించండి. గడియే లేకుండా చేయడం సులువే, కానీ ఆ గదిలో తలుపు వేసుకునే హక్కు అందరికీ ఉంది.

పట్టుకునే రాడ్డు విషయంలో రాజీపడొద్దు. టవల్ రాడ్డు తడిగుడ్డ బరువుకే చేసింది. చేతులు కడుక్కునే సింకూ మనిషి బరువు ఆపదు, నేను కొన్న రబ్బరు కప్పుల హ్యాండిల్ కూడా ఆపదు. కొంచెం తేమ తగిలితే చాలు, కప్పు వదిలేస్తుంది. వందకిలోలకు పైగా లాగినా కదలని స్టీలు రాడ్డు కొని, టైల్సు వెనక ఉన్న ఇటుకలోకి దిగేలా పొడుగాటి యాంకర్ బోల్టులతో బిగించాలి. ఇల్లు బోలు ఇటుకలతో కట్టిందైతే ఆ సంగతి మేస్త్రికి ముందే చెప్పాలి, వాటికి బిగించే పద్ధతి వేరు. బిగించాక మీరే రెండు చేతులతో వేలాడి చూడండి. మెరిసే పాలిష్ కన్నా కాస్త గరుకుగా ఉన్న రాడ్డు సబ్బు చేతికి జారదు. ఎత్తు ఎంత? అమెరికా ప్రమాణాల్లో నేల నుంచి 33 నుంచి 36 అంగుళాలు అని ఉంటుంది. మా అమ్మ నాలుగడుగుల పది అంగుళాల మనిషి, ఆమెకు 30 దగ్గర సుఖంగా ఉంది. అందుకే టేపు కన్నా ముందు మనిషిని నిలబెట్టండి. చెయ్యి సహజంగా ఎక్కడికి పోతుందో అక్కడ సుద్దతో గీత గీసి, ఆ గీత మీద డ్రిల్లు పెట్టమనండి. మాకు మూడు కావలసి వచ్చాయి. గడప పక్కన నిలువుగా ఒకటి, కమోడ్ పక్క గోడకి ఒకటి, స్నానం చేసే చోట ఒకటి.

కింద కూర్చునే మరుగుదొడ్డి మోకాళ్లు అరిగినవాళ్లకి రోజూ పరీక్షే. కమోడ్ పెట్టించే వీలు లేకపోతే ఆ మరుగుదొడ్డి మీదే వేసుకునే నాలుగుకాళ్ల కమోడ్ కుర్చీలు దొరుకుతాయి, కాళ్లకి రబ్బరు బూట్లు ఉన్నవి చూడండి. మామూలు కమోడ్ కూడా కొందరికి మరీ పొట్టిగా ఉంటుంది. 17 నుంచి 19 అంగుళాల ఎత్తు ఉంటే లేవడం తేలిక. పైన బిగించి ఎత్తు పెంచే సీటు ఒకటి అమర్చితే చాలు, పగలగొట్టే పని లేదు.

స్నానం కూర్చునే చేయాలి. మనకిది కొత్త కాదు, పీట మీద కూర్చుని పోసుకున్న జాతే మనది. పీట ఎత్తు పెరగాలి, అంతే. జారని కాళ్లున్న గట్టి స్టూలు, దాని పక్కనే మరో చిన్న దిమ్మ మీద బకెట్టు. చెంబు ముంచడానికి వంగక్కర్లేదు. బకెట్లో ముందు చన్నీళ్లు, తర్వాత వేణ్నీళ్లు పోయండి. వయసైన చర్మం పలచన, వేడి ఆలస్యంగా తెలుస్తుంది. 60 డిగ్రీల నీరు అయిదారు క్షణాల్లో ఒళ్లు కాలుస్తుంది కాబట్టి గీజరు ముల్లు 50 దాటకుండా పెట్టండి. నీళ్లలో ముంచే కరెంటు రాడ్డును మాత్రం ఈరోజే ఇంట్లోంచి పంపేయండి. పండగపూట తలంటు, కుంకుడు రసం, నలుగుపిండి, నువ్వులనూనె, వీటిలో ఏ ఒక్కటి పడ్డా టైల్సు అద్దమే. తలంటు రోజున ఎవరో ఒకరు వెంట ఉండాలి, స్నానం కాగానే సబ్బునీళ్లు పోసి వైపరుతో నేల లాగేయాలి.

గడప దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. వయసు మళ్లినవారి ఇంట్లో గడపలు తీసేయమని బయటి దేశాల పుస్తకాలు రాస్తాయి. మా ఇంటి సింహద్వారం గడప టేకుది, నాలుగంగుళాలు. శుక్రవారం శుక్రవారం అమ్మ దానికి పసుపు రాసి, బొట్లు పెడుతుంది. దాన్ని తీసేయమని నేను అడగను. ఆలోచిస్తే ఆ గడప మీద ఇంట్లో ఎవరూ ఎప్పుడూ తట్టుకుని పడలేదు. నల్లటి నేల మీద ఆ పసుపుపచ్చ దూరం నుంచే కంటికి కొడుతుంది, అలవాటుగా కాలు పైకి లేస్తుంది. ప్రమాదమంతా నేల రంగులోనే ఉండి కనపడని చిన్న గడపలతో. నీళ్లు బయటికి రాకుండా బాత్రూంకి వేసే అంగుళమున్నర గ్రానైట్ ముక్క, వరండాకీ హాలుకీ మధ్య అరంగుళం తేడా. అమ్మ తట్టుకున్నది అలాంటి దానికే. వాటి అంచుకి పసుపుపచ్చ పెయింటు గీత వేశాం, రెండు గంటల పని. పెద్ద గడపకి ద్వారబంధం పక్కన నిలువు రాడ్డు పెట్టించాం. రేపు చక్రాల కుర్చీ అవసరమైతే గడప అలాగే ఉంచి, రెండు పక్కలా వాలు చెక్క వేసుకోవచ్చు. అంగుళం ఎత్తుకి కనీసం అడుగు పొడవు వాలు ఉండాలి.

పెరడు, వాకిలి గురించి వానాకాలం రాకముందే చూసుకోండి. నాపరాళ్ల మీద పాకుడు పడితే పైకి కనిపించదు. బ్లీచింగు పొడి చల్లి, కొబ్బరి చీపురుతో గట్టిగా రుద్ది కడగాలి. పొద్దున్నే కళ్లాపి చల్లిన వాకిలి ఆరేదాకా ముగ్గు కోసం తొందరపడొద్దని చెప్పండి.

మేడమెట్లకి రెండు వైపులా పట్టు ఉండాలి, ప్రతి మెట్టు అంచుకీ రంగు గీత ఉండాలి, మెట్ల మీద చెప్పులు, పాత పేపర్లు పెట్టకూడదు. ఇంకొక్క సంగతి కళ్లద్దాల దుకాణంలో చెప్పరు. పై భాగంలో దూరం, కింది భాగంలో చదువు ఉండే అద్దాలు పెట్టుకుని మెట్లు దిగేవాళ్లు కిందికి చూస్తే మెట్టు మసకగా కనిపిస్తుంది. మెట్ల కోసం, బయట నడక కోసం దూరపు చూపు అద్దం ఒక్కటే ఉన్న జోడు విడిగా చేయించండి. శుక్లాలు ఉంటే ఆపరేషను వాయిదా వేయొద్దు.

వంటింట్లో అసలు ప్రమాదం అటక. దసరాకి పెద్ద గుండిగ, సంక్రాంతికి అరిసెల మూకుడు దింపడానికి స్టూలెక్కే అలవాటు డెబ్భైల్లోనూ పోదు. వద్దని చెప్పి ఊరుకుంటే మనం వెళ్లాక ఎక్కుతారు. ఒక పూట కూర్చుని అటక మీదున్నవన్నీ దింపి, ఏడాదిలో ఒక్కసారైనా వాడేవి నడుముకీ భుజానికీ మధ్య ఎత్తున్న అరల్లోకి మార్చండి. పప్పు డబ్బాలు, ఊరగాయ జాడీ కూడా ఆ ఎత్తునే. గ్యాసు వాసన పట్టే శక్తి వయసుతో తగ్గుతుంది, రాత్రి రెగ్యులేటరు కట్టేయడం అలవాటు చేయండి, రబ్బరు గొట్టం అయిదేళ్లకోసారి మార్చండి, లీకైతే పిలవాల్సిన 1906 నంబరు గోడమీద రాయండి, గ్యాసు లేని చోట నిలబడి ఫోను చేయాలని కూడా. కరెంటు బోర్డులో 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి పెట్టించండి. షాక్ కొట్టిన క్షణంలోనే అది కరెంటు ఆపేస్తుంది. మామూలు ఫ్యూజు ఆ పని చేయదు.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి ఆరు నెలలకు వెళ్లే అమ్మానాన్నల కోసం నాలుగు మాటలు. అక్కడి స్నానాల గదిలో తొట్టి ఉంటుంది, దాని గట్టు మోకాలి దాకా వస్తుంది. నున్నటి తడి గట్టు మీంచి చీరకట్టుతో కాలు దాటించడం మనవాళ్లకి అలవాటు లేని విద్య. వాళ్లు దిగకముందే తొట్టిలో సగం, బయట సగం ఉండే బల్లలాంటి సీటు వేసి, చేతి షవరు పెట్టించండి. అక్కడి నేల మీద నీళ్లు పోతే వెళ్లడానికి తూము ఉండదు. మగ్గుతో స్నానం చేసి నేల తడిపినందుకు సిగ్గుపడి, ఎవరూ చూడకుండా వంగి తుడుస్తారు. ఆ సిగ్గుకి చోటివ్వకండి. వీలైతే పడక కింది అంతస్తులో వేయండి.

ఇంటిని ఎంత బాగుచేసినా కాళ్లలో బలం లేకపోతే లాభం తక్కువ. 1990ల్లో న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో పెద్దవాళ్ల కోసం ఇంట్లోనే చేసుకునే వ్యాయామాలు తయారుచేశారు. వాటివల్ల పడిపోవడాలు సుమారు 35 శాతం తగ్గాయి. అందులో కష్టమైనదేమీ లేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, వంటగట్టు పట్టుకుని మడమలెత్తి నిలబడటం, మోకాళ్లు కొంచెం వంచి లేవడం, ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి నిలబడటం, నడవడం. వారానికి మూడుసార్లు చాలు. ఎక్కడున్నారో తెలియడానికి ఓ పరీక్ష ఉంది. కుర్చీలోంచి లేచి, పదడుగుల (ఫీట్ల) దూరం మామూలుగా నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకుమించి పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టు. అమ్మకి మొదట 17 పట్టింది.

చేతికర్ర తలుపు వెనకే ఎందుకు ఉండిపోయిందో నాకు తర్వాత తెలిసింది, దాని ఎత్తు నాకు సరిపోయేది. చెప్పులేసుకుని నిటారుగా నిలబడి చెయ్యి వదిలేస్తే మణికట్టు ముడత ఎక్కడుంటుందో కర్ర పిడి అక్కడుండాలి. నొప్పి ఉన్న కాలికి ఎదుటి చేత్తో పట్టుకోవాలి. అడుగున రబ్బరు అరిగితే మార్చాలి. కొనే స్తోమత లేనివాళ్ల కోసం 2017లో నెల్లూరులో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. అరవై దాటిన పేదవారికి శిబిరాల్లో కొలతలు చూసి కర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు ఉచితంగా ఇస్తారు.

ఇన్ని చేసినా పడొచ్చు. పడ్డప్పుడు మనం మొదట చేసే తప్పు చంకల్లో చేతులు పెట్టి లేపేయడం. ముందు పక్కన కూర్చుని మాట్లాడండి. ఒక కాలు పొట్టిగా కనిపిస్తూ పాదం బయటికి తిరిగి ఉంటే, తుంటి దగ్గర నొప్పి అంటే, మెడ నొప్పి అంటే కదపకుండా దుప్పటి కప్పి 108కి ఫోన్ చేయండి. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ల తలకి దెబ్బ తగిలితే, బాగానే ఉన్నానన్నా సరే, ఆస్పత్రికి తీసుకెళ్లాలి. దెబ్బలేమీ లేకపోతే వాళ్లనే లేవనివ్వండి. పక్కకి దొర్లి, మోచేతుల మీద లేచి, మోకాళ్ల మీదికి వచ్చి, దగ్గరున్న గట్టి కుర్చీ దాకా పాకి, దాన్ని పట్టుకుని ఒక పాదం ఆనించి లేచి కూర్చోవడం. ఇది బాగున్న రోజునే పరుపు మీద సాధన చేయించండి. లేవలేక గంటల తరబడి గచ్చు మీద పడి ఉండటం దెబ్బకన్నా ఎక్కువ నష్టం చేస్తుంది.

ఒక్కరే ఉండేవాళ్లకి అందుకే ఫోను మెడలో వేలాడే చిన్న సంచిలో ఉండాలి, బల్ల మీద కాదు. ఎదురింటివాళ్ల దగ్గర తాళం చెవి ఒకటి ఉండాలి. రోజూ ఒకే వేళకి ఎవరో ఒకరు ఫోన్ చేయాలి, ఎత్తకపోతే ఎదురింటికి కబురు వెళ్లాలి. కెమెరా పెట్టాలనుకుంటే వాళ్లని అడిగి హాల్లో పెట్టండి, పడకగదిలో వద్దు. గోడ మీద పెద్ద అంకెల్లో 108, 112, ఇద్దరు దగ్గరివాళ్ల నంబర్లు రాయండి. 14567 వృద్ధుల సహాయవాణి, పొద్దున్న 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతుంది. పింఛను, చట్టం, ఇంట్లో ఇబ్బందులు, ఇలాంటి వాటికి పనికొస్తుంది. ఆపదలో పిలిచే నంబరు మాత్రం కాదది.

పోయిన శ్రావణంలో అమ్మ ఫోన్ చేసింది. కూరేంటి, పిల్లలెలా ఉన్నారు అయ్యాక, "నిన్న తులసికోట దగ్గర కాలు జారిందే. పడలేదులే, కోట గట్టు పట్టుకున్నా. అక్కడా ఒక రాడ్డు వేయించకూడదూ?" అంది. ఆ సాయంత్రమే నాన్న పెరట్లో పాకుడంతా గీకించారు. రెండు రోజులకి మేస్త్రి వచ్చి ఎంత ఎత్తున పెట్టాలని అడిగితే, ఆమే కోట పక్కన నిలబడి, చెయ్యి చాపి చూపించిందట.